వేలిముద్రకు లెక్క కట్టిన పోలీసు అధికారి: ఖాజీ అజీజుల్ హఖ్

మన పల్లెల్లో వేలిముద్రతో పని పడని ఇల్లు నేడు ఒక్కటీ లేదు. మద్దికెరలో గానీ, ఆదోనిలో గానీ, ఎమ్మిగనూరులో గానీ చౌకధరల దుకాణం ముందు నిలబడిన తల్లి యంత్రంపై వేలు ఆనిస్తేనే బియ్యం ఆమె సంచిలో పడతాయి. నెల మొదటి తేదీన వృద్ధులకు, వితంతువులకు పింఛను తెచ్చే ఉద్యోగి ముందుగా అడిగేది వేలిముద్రనే. సంతకం చేయగలిగిన వారు సైతం భూమి రిజిస్ట్రేషన్ నాడు బొటనవేలికి సిరా పూసుకోవలసిందే. పుణ్యక్షేత్ర సందర్శనకు బయలుదేరిన హాజీ కూడా సౌదీ గడ్డపై అడుగుపెట్టేటప్పుడు తన వేళ్ళ గుర్తులు ఇచ్చి ముందుకు సాగుతాడు.

‘వేలిముద్రగాడు’ అంటూ చదువురాని వాణ్ణి ఎగతాళి చేసే మాట మన భాషలో ఉంది. అక్షరం రాని వాని గుర్తుగా చులకనైన ఆ ముద్రను న్యాయస్థానాలు అంగీకరించే శాస్త్రంగా నిలబెట్టడంలో ప్రధాన పాత్ర వహించినవాడు ఒక ముస్లిం సబ్ ఇన్‌స్పెక్టర్. ఆయన పేరు ఖాజీ అజీజుల్ హఖ్. బెంగాల్ పోలీసు శాఖలో చేరి, బీహారులో ఉద్యోగ విరమణ చేసి, ఎనిమిది మంది సంతానాన్ని పెంచి, 1935లో మోతీహారీ పట్టణంలో కన్నుమూసిన గృహస్థుడు. ఆయన చేసిన పనికి చాలాకాలం మరొకరి పేరు ఉండిపోయింది. తెలుగులో మనం నిత్యం పలికే ‘హక్కు’ అనే మాటకు మూలం అరబీలోని ‘హఖ్’. ఆ మాటనే పేరులో మోసిన మనిషికి తన హక్కు దక్కడానికి దాదాపు ముప్ఫై ఏళ్ళు పట్టింది. ఆ జీవితాన్ని తెలుసుకోవడం మన ఇళ్ళకు, ముఖ్యంగా ఖాకీ దుస్తులు ధరించిన బిడ్డలున్న ఇళ్ళకు ఎంతో అవసరం.

అనాథ బాలుని లెక్కలు

అజీజుల్ హఖ్ 1872లో బెంగాల్‌లోని ఖుల్నా ప్రాంతంలో, ఫుల్తలా దగ్గర పైగ్రామ్ కస్బా అనే ఊరిలో జన్మించారు. ఆ ప్రాంతం నేడు బంగ్లాదేశ్‌లో ఉంది. నదులూ కాలువలూ అల్లుకున్న ఆ నేలపై పడవే బండి, పడవే రహదారి. ఆయన తల్లిదండ్రులు పడవ ప్రమాదంలో మరణించారు. అప్పటికి ఆయన పసివాడు. పన్నెండేళ్ళ వయసులో ఇల్లు విడిచి కలకత్తా చేరుకున్నారు.

దిక్కులేని ఆ బాలుణ్ణి ఒక కుటుంబం ఆదరించింది. లెక్కల్లో అతని చురుకుదనాన్ని గమనించి బడికి పంపింది. ఆ చదువు ఆయనను కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాల వరకు తీసుకువెళ్ళింది. అక్కడ ఆయన గణితాన్ని, విజ్ఞాన శాస్త్రాన్ని అభ్యసించారు.

పాఠక మహాశయులారా, ఒక్క క్షణం ఇక్కడ ఆగుదాం. తండ్రి నీడ లేకుండా పెరిగిన మహాప్రవక్త (స) అనాథను అక్కున చేర్చుకునే వానికి ఎంతటి గొప్ప స్థానాన్ని వాగ్దానం చేశారో మనకు తెలుసు. మనం అనాథకు పూట భోజనం పెట్టి, పండుగకు ఒక జత బట్టలు ఇచ్చి బాధ్యత తీరిందనుకుంటాం. ఆ కలకత్తా కుటుంబం అంతటితో సరిపెట్టుకోలేదు. ఆ పిల్లవానిలో ఏ ప్రతిభ ఉందో చూసింది. దానికి తగిన చదువు చెప్పించింది. ఆ తర్వాత ఆయన లెక్క వల్ల ప్రపంచానికి ఎంత మేలు జరిగిందో, అందులో ఆ ఇంటివారికీ వాటా ఉంటుందని ఆశించవచ్చు.

పోలీసు శాఖకు గణిత విద్యార్థి

ఆ రోజుల్లో బెంగాల్ పోలీసు శాఖకు అధిపతి ఎడ్వర్డ్ హెన్రీ అనే ఆంగ్లేయుడు. నేరస్థులను గుర్తించడం ఆయనకు పెద్ద సమస్యగా ఉండేది. ఒక ఊరిలో శిక్ష పడినవాడు మరో ఊరిలో పేరు మార్చుకుని మళ్ళీ పట్టుబడితే, పాత వాడో కొత్త వాడో తేల్చడం ఎలా? ప్యారిస్ నగరంలో అల్ఫాన్స్ బెర్టిలాన్ అనే ఉద్యోగి ఒక పద్ధతి కనిపెట్టాడు. తల పొడవు, చేయి పొడవు, పాదం పొడవు వంటి కొలతలను లోహపు పనిముట్లతో తీసి కార్డులపై నమోదు చేయడం ఆ పద్ధతి. బెంగాల్‌లోనూ దానిని అనుసరించారు. కానీ ఒకే మనిషిని ఇద్దరు కొలిస్తే రెండు లెక్కలు వచ్చేవి. కొలిచేవాని చేతివాటాన్ని బట్టి నిందితుని తలరాత మారిపోయేది.

కొలతల పనికి లెక్కలు తెలిసిన యువకుడు కావాలని హెన్రీ ప్రెసిడెన్సీ కళాశాల ప్రిన్సిపాల్‌ను అడిగారు. ప్రిన్సిపాల్ చూపించిన విద్యార్థి అజీజుల్ హఖ్. 1892లో ఆయన సబ్ ఇన్‌స్పెక్టర్‌గా ఉద్యోగంలో చేరారు. అప్పటికి ఆయన వయసు ఇరవై ఏళ్ళు.

వేలిముద్రల ఆలోచన అప్పటికే ఉంది. 1858లో బెంగాల్‌లోని జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే అధికారి, రోడ్డు వేయడానికి కంకర సరఫరా చేసే రాజ్యధర్ కోనాయ్ అనే గుత్తేదారు చేత ఒప్పందపత్రంపై అరచేతి ముద్ర వేయించాడు. తర్వాత హుగ్లీలో పింఛను చెల్లింపులకు, దస్తావేజులకు వేలిముద్రలను వాడాడు. చనిపోయిన పింఛనుదారు పేరిట మరొకరు సొమ్ము తీసుకోకుండా ఆపడం అందులో ఒక ఉద్దేశం. నేడు మన వీధుల్లో పింఛను కోసం వేలిముద్ర అడగడం వెనుక ఉన్నది ఆ పాత ఆలోచనే. 1892లో ఇంగ్లండులో ఫ్రాన్సిస్ గాల్టన్ వేలిముద్రలపై గ్రంథం వెలువరించాడు. ఏ ఇద్దరి ముద్రలూ ఒకటి కావని, వయసుతో అవి మారవని దానితో బలపడింది.

అయినా అసలు చిక్కు మిగిలే ఉంది. తొలకరి వానలు పడగానే తుగ్గలి, జొన్నగిరి, మద్దికెర పొలాల్లో జనం వంగి వంగి వజ్రాల కోసం వెదకడం మనం ఏటా చూస్తుంటాం. లక్ష రాళ్ళలో ఒక్క రాయిని పట్టుకోవడం ఎంత కష్టమో, వేలాది ముద్రల కాగితాల్లో ఒక్క మనిషి కాగితాన్ని వెదికి తీయడం అంత కష్టం. ముద్రలు తీసుకోవడం ఎవరైనా చేస్తారు. వాటిని ఏ వరుసలో పెడితే కావలసినప్పుడు నిమిషాల్లో దొరుకుతాయి? గాల్టన్ పద్ధతి ఇందుకు చాలలేదు. అజీజుల్ హఖ్ తలపెట్టిన పని ఇదే.

వెయ్యిన్ని ఇరవై నాలుగు గూళ్ళు

మన పెద్దలు పిల్లల వేలికొనలు పట్టుకుని శంఖాలెన్ని, చక్రాలెన్ని అని లెక్కపెట్టేవారు. కొందరు దానితో జాతకాలు చెప్పేవారు. జాతకాలకు మన ధర్మంలో తావు లేదు. కానీ ఆ శంఖచక్రాలు మాత్రం నిజమైన గుర్తులే. గుండ్రంగా తిరిగి మూసుకున్న గీతలు చక్రం, ఒక వైపునకు వంగి వెనుదిరిగిన గీతలు శంఖం. అజీజుల్ హఖ్ వాటినే న్యాయం కోసం లెక్కపెట్టారు.

ఆయన పద్ధతిని ఇంట్లో పిల్లలకు కూడా వివరించవచ్చు. కుడి బొటనవేలు మొదలు కుడి చిటికెన వేలి వరకు ఒకటి నుండి ఐదు, ఎడమ బొటనవేలు మొదలు ఎడమ చిటికెన వేలి వరకు ఆరు నుండి పది అని వేళ్ళకు సంఖ్యలు ఇస్తారు. పది వేళ్ళను రెండేసి చొప్పున ఐదు జతలుగా చేస్తారు. మొదటి జతకు 16, రెండవ దానికి 8, మూడవ దానికి 4, నాల్గవ దానికి 2, ఐదవ దానికి 1 విలువ. వేలిపై చక్రం ఉంటేనే ఆ విలువ వస్తుంది, లేకుంటే సున్నా. సరిసంఖ్య వేళ్ళ విలువలను కూడి పైన, బేసిసంఖ్య వేళ్ళ విలువలను కూడి కింద వేసి, రెండింటికీ ఒకటి కలుపుతారు. అది భిన్నం రూపంలో వస్తుంది.

ఉదాహరణకు ఒకనికి కుడి బొటనవేలిపైన, ఎడమ నడిమి వేలిపైన మాత్రమే చక్రాలున్నాయనుకుందాం. ఎడమ నడిమి వేలు ఎనిమిదవది, దాని విలువ 2. ఒకటి కలిపితే పైన 3. కుడి బొటనవేలు మొదటిది, దాని విలువ 16. ఒకటి కలిపితే కింద 17. అతని కాగితం మూడు బై పదిహేడు అనే గూటిలోకి చేరుతుంది. ఏ వేలిపైనా చక్రం లేనివాడు ఒకటి బై ఒకటి గూటిలో, పది వేళ్ళపైనా చక్రాలున్నవాడు ముప్ఫైరెండు బై ముప్ఫైరెండు గూటిలో ఉంటాడు. పైన 32 అవకాశాలు, కింద 32 అవకాశాలు. మొత్తం గూళ్ళు 1,024. కాగితాలన్నీ గాలించవలసిన పని తప్పింది. నేరుగా ఒక గూటి దగ్గరకు వెళ్ళి, అందులోని కొద్దిపాటి కాగితాలను పోల్చి చూస్తే చాలు.

మదరసాలో వారసత్వ భాగాల శాస్త్రం చదివే విద్యార్థులకు భిన్నాలతో ఎంత పని ఉంటుందో తెలుసు. తల్లికి ఆరవ వంతు, భార్యకు ఎనిమిదవ వంతు అంటూ హక్కుదారుల వాటాలు తేల్చడానికి ఆ లెక్కలు కావాలి. బీజగణితానికి పునాది వేసిన అల్ ఖ్వారిజ్మీ తన గ్రంథంలో పెద్ద భాగాన్ని వీలునామాలకు, వారసత్వానికే కేటాయించాడు. గణితం హక్కుదారుకు హక్కు చేర్చే సాధనమని మన విద్వాంసులు ఏనాడో గుర్తించారు. లెక్కలంటే భయపడే పిల్లలకు తల్లిదండ్రులు ఈ మాట చెప్పాలి.

హఖ్‌తో పాటు అదే శాఖలో పనిచేసిన హేమచంద్ర బోస్ కూడా ఈ శాస్త్రానికి ఎంతో సేవ చేశారు. ముద్రల వివరాలను తంతి ద్వారా దూరప్రాంతాలకు పంపే సంకేత పద్ధతిని ఆయన రూపొందించారు. ఒక ముస్లిం, ఒక హిందువు ఒకే గదిలో కూర్చుని నిర్మించిన విద్య ఇది. సర్వేయర్ జనరల్‌తో కూడిన నిపుణుల సంఘం ఈ పద్ధతిని పరీక్షించి మెచ్చుకుంది. 1897లో కలకత్తాలో వేలిముద్రల కేంద్రం ఏర్పడింది. అర్జెంటీనాలో హువాన్ వుచెటిచ్ అదే కాలంలో మరో పద్ధతిని స్వతంత్రంగా తయారుచేశాడు. ప్రపంచంలోని తొలి వేలిముద్రల కేంద్రాల్లో కలకత్తా కేంద్రం ఒకటి. 1901లో లండన్‌లోని స్కాట్లండ్ యార్డులో ఇదే పద్ధతిపై కేంద్రం తెరిచారు. తర్వాత ఎన్నో దేశాలు దీనిని స్వీకరించాయి.

దెబ్బకు బదులు ఆధారం

ఈ పద్ధతి మొదటి ఫలితాల్లో ఒకటి జల్పాయిగుడి జిల్లాలో కనిపించింది. 1897లో అక్కడ ఒక తేయాకు తోట మేనేజరు హత్యకు గురయ్యాడు. పెట్టెలోని సొమ్ము పోయింది. అనుమానితులు అనేకులు ఉన్నారు. ఘటనాస్థలంలో దొరికిన బెంగాలీ పంచాంగంపై గోధుమరంగు మరక ఒకటి ఉంది. అది బొటనవేలి ముద్ర. కలకత్తా కేంద్రంలోని కాగితాలతో పోల్చగా, గతంలో దొంగతనానికి శిక్షపడిన ఒక పాత నౌకరు ముద్రతో అది సరిపోయింది. 1898లో న్యాయస్థానం అతనిని దొంగతనానికి శిక్షించింది. హత్యను కళ్ళారా చూసిన సాక్షి లేనందున హత్యానేరానికి మాత్రం దోషిగా తేల్చలేదు. 1899లో సాక్ష్యాధారాల చట్టాన్ని సవరించి, వేలిముద్రల నిపుణుని అభిప్రాయాన్ని న్యాయస్థానాలు స్వీకరించే ఏర్పాటు చేశారు.

ఈ కేసులో నేర్చుకోవలసినవి రెండున్నాయి. అనుమానితులందరినీ తెచ్చి కొట్టి ఒప్పించవలసిన పని లేకపోయింది. ఆధారం ఎంతవరకు చెప్పిందో శిక్ష కూడా అంతవరకే పడింది.

ధార్మిక విద్య చదివిన వారికి ఇది కొత్త సంగతి కాదు. హజ్రత్ యూసుఫ్ (అ) పై నింద పడినప్పుడు చొక్కా ముందు చిరిగిందా, వెనుక చిరిగిందా అన్నదే సత్యాన్ని బయటపెట్టింది. మూగ వస్తువు సాక్ష్యం చెప్పి నిర్దోషిని కాపాడిన ఘట్టమది. ముజజ్జిజ్ అనే జాడల నిపుణుడు కేవలం పాదాలు చూసి హజ్రత్ జైద్, హజ్రత్ ఉసామా (రజి) తండ్రీకొడుకులని గుర్తించినప్పుడు దైవప్రవక్త (స) ముఖం ఆనందంతో వెలిగిందని హదీసు గ్రంథాల్లో ఉంది. ఇమామ్ ఇబ్నుల్ ఖయ్యిమ్ ఇటువంటి గుర్తులు, ఆధారాల విలువను వివరిస్తూ ఒక గ్రంథమే రచించారు.

అబూ దావూద్ హదీసు సంకలనంలో మరో సంఘటన ఉంది. కొందరి సొత్తు దొంగతనానికి గురయింది. వారు కొందరు నేతపనివారిని అనుమానించి, అధికారిగా ఉన్న హజ్రత్ నుమాన్ బిన్ బషీర్ (రజి) వద్దకు తెచ్చారు. ఆయన వారిని కొద్దిరోజులు ఉంచుకుని విడిచిపెట్టారు. కొట్టకుండా వదిలేశారేమని ఫిర్యాదుదారులు నిలదీశారు. కావాలంటే కొడతాను, కానీ సొత్తు వారి దగ్గర దొరకకపోతే అన్నే దెబ్బలు మీ వీపులపై పడతాయి, అల్లాహ్ తీర్పూ ఆయన ప్రవక్త తీర్పూ ఇదే అని ఆయన సమాధానమిచ్చారు. లాకప్ గదిలో లాఠీ ఎత్తే ముందు ప్రతి పోలీసు ఉద్యోగీ గుర్తుంచుకోవలసిన సంఘటన ఇది. అనుమానం ఎన్నటికీ నేరం కాదు. ఒప్పుకోలు పిండుకోవడం దర్యాప్తు కాదు. అజీజుల్ హఖ్ లెక్క పోలీసు చేతికి లాఠీ కన్నా బలమైన ఆధారాన్ని అందించింది.

సాధనం మంచిదైనా...

అయితే ఏ సాధనమైనా పట్టుకున్న చేతిని బట్టి మంచికో చెడుకో పనిచేస్తుంది. ఇదే వేలిముద్రల విద్యను ఆంగ్లేయ ప్రభుత్వం పేద జాతులపైన కూడా ప్రయోగించింది. 1871లో నేరస్థ జాతుల చట్టం వచ్చింది. 1911 నాటి చట్టం మద్రాసు రాష్ట్రానికి కూడా వర్తించింది. పుట్టుకతోనే నేరస్థులన్న ముద్ర వేసి, ఏ తప్పూ చేయని స్త్రీపురుషుల పేర్లను పోలీసు జాబితాల్లో చేర్చి వేలిముద్రలు తీసుకున్నారు. బాపట్ల దగ్గర స్టూవర్టుపురంలో ఎరుకలవారిని ఒక సెటిల్‌మెంటులో ఉంచి నిఘా పెట్టారు. స్వాతంత్ర్యం తర్వాత 1952లో గానీ ఆ చట్టం రద్దు కాలేదు.

దీనికి గణితం వేసినవాణ్ణి నిందించనక్కరలేదు. ఒక మనిషి చేసిన దానికి అతని జాతినంతటినీ దోషిగా చూడటమే అన్యాయం. ఒకరి పాపభారం మరొకరు మోయరన్నది దివ్య ఖుర్‌ఆన్ పదేపదే బోధించిన సూత్రం. పేరునుబట్టి, గడ్డాన్నిబట్టి, వీధినిబట్టి అనుమానించడం ఎంత బాధాకరమో మన సముదాయానికి తెలియనిది కాదు. కనుక ఇతర జాతులపై, కులాలపై, వలసకూలీలపై అటువంటి మాటలు మన ఇళ్ళలో వినిపించకుండా చూసుకోవడం మన వంతు.

ఆలస్యంగా దక్కిన హక్కు

1900లో ఎడ్వర్డ్ హెన్రీ వేలిముద్రల వర్గీకరణపై పుస్తకం ప్రచురించారు. అందులో గూళ్ళ లెక్కను వివరించారు గానీ, ఆ లెక్క వెనుక ఉన్న సబ్ ఇన్‌స్పెక్టర్‌కు దక్కవలసిన ఘనతను ఇవ్వలేదు. ప్రపంచమంతటా అది ‘హెన్రీ పద్ధతి’గా పేరు పొందింది. హెన్రీ లండన్ పోలీసు కమిషనర్ అయ్యారు, సర్ బిరుదు పొందారు. హఖ్ తన ఉద్యోగం తాను చేసుకుంటూ పోయారు. 1912లో బెంగాల్ నుండి బీహారు విడివడినప్పుడు బీహారు పోలీసు శాఖను ఎంచుకున్నారు.

గుర్తింపు నెమ్మదిగా వచ్చింది. 1913లో ఖాన్ సాహెబ్, 1924లో ఖాన్ బహదూర్ బిరుదులు లభించాయి. తన శ్రమకు ప్రతిఫలం ఇవ్వవలసిందిగా ఆయన ప్రభుత్వానికి అర్జీ పెట్టుకున్నారు. ఆ సందర్భంలో 1926లో హెన్రీ స్వయంగా లేఖ రాశారు. వర్గీకరణ పద్ధతిని పరిపూర్ణం చేయడంలో తన సిబ్బంది అందరికంటే హఖ్ కృషి ఎక్కువని అంగీకరించారు. ప్రభుత్వం ఐదు వేల రూపాయల పారితోషికాన్ని, మోతీహారీలో భూమిని ఇచ్చింది.

ఇక్కడ ఇద్దరి ప్రవర్తనా గమనించదగినదే. హఖ్ తన హక్కును వదులుకోలేదు. వీధికెక్కి ఎవరినీ దూషించనూ లేదు. వినయం అంటే అన్యాయాన్ని నోరుమూసుకుని భరించడం అని కొందరు అనుకుంటారు. అది సరికాదు. సక్రమమైన మార్గంలో తన హక్కును కోరడం ధర్మసమ్మతమే. హెన్రీ విషయానికి వస్తే, ఆయన ఆలస్యం చేశారన్నది నిజం. కానీ కన్నుమూయడానికి ఐదేళ్ళ ముందు, తనకు పేరు తెచ్చిన విషయంలోనే మరొకరి పాలు పెద్దదని రాసి ఇచ్చారు. న్యాయం పక్షాన నిలబడండి, అది మీకు వ్యతిరేకంగా పోయినా సరే అన్న అన్నిసా సూరా బోధ అందరికీ వర్తిస్తుంది.

ఇటీవలి కాలంలో ఢిల్లీ విశ్వవిద్యాలయానికి చెందిన జి.ఎస్. సోధీ, జస్జీత్ కౌర్ పాత పత్రాలను పరిశీలించి, హఖ్, బోస్‌ల కృషిని శాస్త్రలోకం ముందుంచారు. బ్రిటన్‌లోని ఫింగర్‌ప్రింట్ సొసైటీ వారిద్దరి పేరిట పరిశోధనా పురస్కారాన్ని నెలకొల్పింది. సత్యాన్ని వెలికితీసిన ఆ పరిశోధకులు మన మతస్థులు కారు. హక్కుదారుకు హక్కు చేర్చే పుణ్యం ఏ మతానికో పరిమితం కాదు.

మోతీహారీలోని ఇల్లు

ఉద్యోగ విరమణ తర్వాత అజీజుల్ హఖ్ మోతీహారీలో స్థిరపడ్డారు. గాంధీజీ 1917లో నీలిమందు రైతుల కోసం ఉద్యమించిన చంపారన్ జిల్లాకు అది ముఖ్యపట్టణం. పన్నెండేళ్ళకే ఇల్లు లేని బాలుడు, చివరికి భార్య, ఎనిమిది మంది బిడ్డలతో నిండిన ఇంటికి పెద్ద అయ్యారు. 1935లో పరమపదించి ఆ పట్టణంలోనే సమాధి అయ్యారు. 1947లో దేశ విభజన జరిగాక ఆయన కుటుంబం తూర్పు, పశ్చిమ పాకిస్తానులకు వలసవెళ్ళింది. సమాధి ఒక దేశంలో, సంతానం మరో రెండు చోట్ల. కుటుంబం చెదిరినా, ఆయన లెక్క మాత్రం ప్రపంచంలోని పోలీసు కార్యాలయాల్లో దశాబ్దాలపాటు పనిచేస్తూనే ఉంది. కంప్యూటర్లు వచ్చేవరకు గూళ్ళ పద్ధతే అనేక దేశాలకు ఆధారమైంది.

పోలీసు ఉద్యోగి ఇంటి సంగతులు మన ప్రాంతంలో చాలామందికి అనుభవమే. దసరా వస్తే మద్దికెరలో గుర్రపు పందేలకు బందోబస్తు. ఆ రాత్రి దేవరగట్టు కర్రల సమరంలో తలలు పగలకుండా చూసే పని. మొహర్రంలో పీర్ల ఊరేగింపుల వెంట నడక. రంజాన్ పండుగనాడు అందరూ ఈద్గా నుండి ఇంటికి వస్తుంటే, కానిస్టేబుల్ మాత్రం ఈద్గా బయట నిలబడి వాహనాలను మళ్ళిస్తుంటాడు. ఇంట్లో భార్య షీర్ ఖుర్మా గిన్నెపై మూతపెట్టి ఎదురుచూస్తుంటుంది. అతని సేవలో ఆమె ఓర్పుకూ భాగం ఉంది. పిల్లలు తండ్రిని పండుగరోజు చూడకుండా పెరుగుతారు. విశ్రాంత జీవితంలోనైనా ఆ తండ్రి దగ్గర కూర్చుని ఆయన చూసింది, చేసింది అడిగి తెలుసుకోవడం బిడ్డల కర్తవ్యం.

మన ఇళ్ళు చేయవలసిన పనులు

పోలీసు శాఖలో పనిచేసి మరణించిన తండ్రినో తాతనో స్మరించుకునేటప్పుడు మనం సాధారణంగా ఆయన హోదాను, పతకాలను, ఆయనకు భయపడినవారిని గురించి చెప్పుకుంటాం. అజీజుల్ హఖ్ జీవితం వెలుగులో మూడు వేరే ప్రశ్నలు అడగాలి. ఆయన చేతిలో ఏ నిర్దోషి అయినా విడుదలయ్యాడా? ఆయన ఇంటికి తెచ్చిన సొమ్ము పిల్లల నోట్లో పెట్టదగిన హలాల్ సంపాదనేనా? ఆయన వల్ల ఎవరికైనా హక్కు ఎగ్గొట్టబడి ఉంటే దానిని సంతానం తీర్చిందా? మొదటి రెండింటికి జవాబు మంచిదైతే అల్లాహ్‌కు కృతజ్ఞతలు చెప్పాలి. మూడవదానిలో లోటు కనిపిస్తే, వారసత్వం పంచుకోకముందే దానిని తీర్చాలి. అప్పులు, బాకీలు తీరిన తర్వాతే వారసుల వాటాలన్నది షరీఅత్ క్రమం. తండ్రి పేరిట అన్నదానం చేయడం కన్నా ఆయన మెడపై ఉన్న బాకీని దింపడం ఆయనకు ఎక్కువ మేలు.

కానిస్టేబుల్ పరీక్షలకు తయారవుతూ తెల్లవారుజామున మైదానాల్లో పరుగెత్తే యువకులు మన ఆదోని, గుంతకల్లు, పత్తికొండ ప్రాంతాల్లో ఎందరో ఉన్నారు. వారిలో మన బిడ్డలూ ఉన్నారు. ఆ ఉద్యోగం మంచిదా కాదా అని కొందరు తల్లిదండ్రులు అడుగుతుంటారు. ప్రజల ప్రాణానికి, సొత్తుకు కావలి కాయడం పెద్ద అమానతు. లంచానికి, దెబ్బకు, అబద్ధపు సాక్ష్యానికి దూరంగా ఉండగలిగినవానికి అది ఆరాధనతో సమానమైన సేవ. దూరంగా ఉండలేనివానికి అదే ఉద్యోగం పరలోకంలో మెడకు గుదిబండ అవుతుంది. బిడ్డకు దేహదారుఢ్యం కోసం పాలు, గుడ్లు పెట్టే తల్లి, ఈ మాట కూడా చెప్పి పంపాలి.

మరొక చిన్న పని. పత్తి ఏరి, మిరపకాయలు కోసి, రాళ్ళు మోసి అరిగిపోయిన వేళ్ళను యంత్రం ఒక్కొక్కసారి గుర్తించదు. సరుకులు అందక వెనుదిరిగే వృద్ధురాలు మన వీధిలోనే ఉంటుంది. కంటిపాపతోనో, ఫోనుకు వచ్చే సంఖ్యతోనో గుర్తింపు జరిపే మార్గాలు ఉన్నాయని ఆమెకు తెలియకపోవచ్చు. చదువుకున్న పిల్లలు ఆమె వెంట కార్యాలయానికి వెళ్ళి పని చేసిపెట్టాలి. గుర్తింపు పద్ధతి హక్కుదారుకు హక్కు చేర్చడానికి వచ్చింది, దూరం చేయడానికి కాదు.

అల్ ఖియామహ్ సూరాలో, ఎముకలను తిరిగి కూర్చగలమా అని సందేహించే మనిషికి, అతని వేలికొనలను సైతం సరిగా రూపొందించగల శక్తి తనకున్నదని అల్లాహ్ తెలియజేస్తాడు. దీనిని పట్టుకుని ఖుర్‌ఆన్‌ను పోలీసు శాస్త్ర గ్రంథంగా చూపనక్కరలేదు. ఆ సూరా చెప్పేది తిరిగి లేపబడటం గురించి, లెక్క చెప్పుకోవడం గురించి. యాసీన్ సూరాలో నోళ్ళు మూయబడి చేతులు మాట్లాడే రోజు ప్రస్తావన ఉంది. ఇహలోకంలో వేలిముద్ర ఎవరు తాకారన్నది మాత్రమే చెబుతుంది. ఆనాడు అదే వేలు, ఎందుకు తాకిందో కూడా చెబుతుంది. జీవితమంతా ఇతరుల వేళ్ళను చదివిన ఆ విశ్రాంత అధికారి చేతులు ఆ రోజున ఆయనకు అనుకూలంగా సాక్ష్యమిచ్చుగాక. మన చేతులు కూడా మనకు వ్యతిరేకంగా మాట్లాడని విధంగా జీవించే భాగ్యాన్ని అల్లాహ్ మనకు, మన సంతానానికి ప్రసాదించుగాక. ఆమీన్.